గొళ్లెం దాచిన పదకొండు పేర్లు

రంగుల ఫ్యాక్టరీ ఫుట్‌బాల్ జట్టు మేనేజర్‌ని ఎదురుగా అందరూ సార్ అనేవారు, వెనకాల గొళ్లెం అనేవారు. ఏ గదిలో అడుగుపెట్టినా ముందు వెనక్కి తిరిగి తలుపు గొళ్లెం పెట్టి, అది సరిగ్గా పడిందో లేదో ఒకసారి లాగి చూసి, అప్పుడుగానీ నోరు విప్పడు. ఆ పేరు తనకుందని అతనికి తెలుసు. ఎవడు పెట్టాడో కనిపెట్టాలని రెండేళ్లు నానా తిప్పలూ పడ్డాడు. పెట్టింది సొంత పెళ్లామేనని తెలిసి ఉంటే ఏమైపోయేవాడో పాపం!

అంతగా దాచుకోవలసిన రహస్యం ఏముందయ్యా అంటే, పదకొండు పేర్లు. ఆదివారం మధ్యాహ్నం ఎవరు ఆడతారు, ఎవరు బెంచీ మీద కూర్చుంటారు, అంతే. నవ్వకండి. అవతలి జట్టుకి ఆ పేర్లు రెండు రోజుల ముందు తెలిసిపోతే ఇక ఆటేముంది? పొడుగు ఫార్వర్డ్ ఆడుతున్నాడని తెలిస్తే వాడి పక్కన ఇంకో పొడుగువాణ్ణి కాపలా పెడతారు. కుడి పక్క పరిగెత్తేవాడు ఫలానా అని తెలిస్తే వాడికి ఊపిరాడనివ్వని వాణ్ణి తయారుచేస్తారు. ఆటకి గంట ముందు ఆ పేర్ల కాగితం రిఫరీ చేతికివ్వాలి. అప్పటిదాకా మూడో కంటికి తెలియకూడదు. అదీ అతని పట్టుదల.

ఇంట్లోనూ ఇదే తంతు. బుధవారం సాయంత్రం పాత క్యాలెండర్ కాగితం వెనక వంటింటి బల్ల మీద పేర్లు రాసుకుంటూ ఉంటే, భార్య గిన్నె పట్టుకుని అటుగా వెళ్తే చాలు, కాగితం మీద చెయ్యి అడ్డం పెట్టేవాడు.

"మీ పదకొండు మందితో నాకేం పనండీ? మీ ఒక్కరితో వేగడమే నాకు చాలడం లేదూ!" అనేది ఆవిడ.

అయినా చెయ్యి తీసేవాడు కాదు.

ఈ పిచ్చి ఊరికే పట్టలేదు. కుర్రతనంలో అతను అదే జట్టుకి కుడి వింగ్ ఆడేవాడు. పగలంతా రంగులు కలిపే సెక్షన్లో పని, సాయంత్రం గ్రౌండు. ఇరవై నాలుగో ఏట జట్టు కప్పు ఫైనల్‌కి వెళ్లింది. ముందు రోజు బూట్లకి మూడుసార్లు పాలిష్ పెట్టాడు. తీరా వెళ్తే గేటు దగ్గర కాపలావాడు, "నువ్వెందుకొచ్చావురా, నువ్వు లేవుగా?" అన్నాడు. గేటువాడికి తెలుసు. టీ అమ్మేవాడికి తెలుసు. సైకిళ్లు చూసుకునేవాడికి తెలుసు. తెలియనిది ఒక్క ఇతనికే. అప్పటి మేనేజర్ ఇతన్ని చూసి ముఖం తిప్పుకుని వెళ్లిపోయాడు. ఒక్క మాట లేదు. 'పోనీలే అబ్బాయ్' అన్నా ఏడ్చి ఊరుకునేవాడేమో. తొంభై నిమిషాలూ బూట్లు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. తలకొట్టేసినట్టైంది. ఆ మరుసటేడు మోకాలు పోయింది, ఆట పోయింది.

తర్వాత తనే మేనేజర్ అయినప్పుడు రెండు ఒట్లు పెట్టుకున్నాడు. తన జట్టు పేర్లు వేళకి ముందు ఎవరి చెవినా పడనివ్వడు. తను పక్కన పెట్టే కుర్రాణ్ణి ఒక మంచి మాటైనా లేకుండా పక్కన పెట్టడు. మొదటి ఒట్టు కోసం జనాన్ని అనుమానించడం నేర్చుకున్నాడు. రెండోదాని కోసం ఆటగాళ్ల ఇళ్ల సంగతులన్నీ కంఠతా పట్టాడు. ఎవడి నాన్నకి ఉబ్బసం, ఎవడి చెల్లెలికి పరీక్షలు, అన్నీ నోటికి వచ్చు.

ఇక మిగిలిన వేళల్లో ఆ నోరు నోరు కాదు, సైరను. గురువారం ప్రాక్టీసులో అతను తిట్టే తిట్లు ఫ్యాక్టరీ రెండో గేటు దాకా వినపడేవి. "అది కాలా, కర్రముక్కా?" దగ్గర మొదలెడితే వాడి పుట్టుక దాకా వెళ్లి తిరిగొచ్చేవాడు. ముక్కు మీద కోపం, మనసులో ఏమీ ఉండదు. ఆ సంగతి ఆటగాళ్లకి తెలుసు కాబట్టి సరిపోయింది.

ఇక బావమరిది. భార్యకి ఒక్కగానొక్క తమ్ముడు. ఇరవై రెండేళ్లుగా జట్టుకి అసిస్టెంటు. బంతులకి గాలి కొట్టడం, జెర్సీలు పంచడం, కుర్రాళ్లని పరిగెత్తించడం, కాలు మడతపడితే కట్టు కట్టడం, అన్నీ అతనే. ఆటగాళ్లందరికీ మామయ్య. నెమ్మదస్తుడే గానీ, ఉన్నట్టుండి పూనకం వచ్చినట్టు ఎవడో ఒకణ్ణి పట్టుకుని దులిపేసేవాడు. బావని చూసి నేర్చుకున్నాడులే అనుకునేవారు.

ఇరవై రెండేళ్లు పక్కన నిలబడ్డ మనిషి! సాయంత్రం సామాను గదికి తాళం వేసి అతను ఇంటికి వెళ్లగానే, మేనేజర్ తన దగ్గరున్న రెండో తాళంచెవితో గది తెరిచి బంతులు లెక్కపెట్టుకునేవాడు. ఒకసారి భార్య అక్కడికే వచ్చి చూసింది.

"వాడు నా తమ్ముడండీ. దొంగ కాదు."

"దొంగ అని నేనన్నానా? లెక్క చూసుకుంటున్నాను."

"ఇరవై రెండేళ్లలో ఒక్కటి తగ్గిందా?"

"తగ్గలేదు. అదే నా అనుమానం."

ఇలాంటి మనిషితో ఏం మాట్లాడతాం చెప్పండి!

కింది లీగ్‌లో ఉన్నన్నాళ్లూ ఇదంతా నవ్వుకోవడానికి బాగానే ఉండేది. అక్కడ ఎవడి జట్టు వాడికే సరిగ్గా తెలియదు, ఇంకొకడి జట్టు గురించి ఎవడికి కావాలి? అసలు తంటా పై లీగ్‌లోకి ఎక్కిన ఏడాది వచ్చింది. అక్కడి క్లబ్బుల పద్ధతే వేరు. అవతలి జట్టు ప్రాక్టీసు చూసి రమ్మని మనుషుల్ని పంపుతారు. రంగుల ఫ్యాక్టరీ గ్రౌండుకి గోడ లేదు, ఇనుప కంచె ఉంది. కంచె అవతల ఒక టీ బడ్డీ. గురువారం వచ్చిందంటే ఆ బడ్డీ బెంచీల మీద కొత్త ముఖాలు. చేతిలో పేపరుంటుంది, పేజీ తిరగదు.

చూస్తే చూశారులే, చూస్తే తెలిసేది కాదు అనుకున్నాడు మేనేజర్. ప్రాక్టీసులో పద్దెనిమిది మందినీ కలిపి ఆడించేవాడు, అసలు జట్టుని ఒకవైపు ఎన్నడూ నిలబెట్టేవాడు కాదు. అయినా మొదటి ఆటలోనే బ్రెడ్డు ఫ్యాక్టరీవాళ్లు ఇతని జట్టులో ఎనిమిది మందికి ముందే మందు తయారుచేసుకుని వచ్చారు. అప్పటిదాకా ఎన్నడూ ఆడించని పొట్టివాణ్ణి ఎడమ పక్కకి దింపితే, వాడికి ఎడమ కాలు తప్ప కుడికాలు రాదని కూడా వాళ్లకి తెలుసు. అతనికి చిర్రెత్తుకొచ్చింది. ఎవడో చెబుతున్నాడు. ఎవడు?

జట్టు ముందుగా తెలిసేది ముగ్గురికే. కాగితం టైపు చేసే క్లబ్బు సెక్రటరీ. కండరాలు పట్టేస్తే మాలిష్ చేసే అతను. బావమరిది. మేనేజర్ ఒక్కొక్కణ్ణీ వడపోయడం మొదలుపెట్టాడు. ముందు సెక్రటరీని తప్పించి కాగితం తనే చేత్తో రాసుకున్నాడు. రేవు జట్టువాళ్లకి అయినా తెలిసింది. తర్వాత మాలిష్ అతనికి చెప్పడం మానేశాడు. అతను అలిగి రెండు రోజులు రాలేదు. పైగా, 'అలిగాడంటే ఏదో ఉండే ఉంటుంది' అని మేనేజర్ అతని సంచీ కూడా వెతికాడు. నూనె సీసాలు, తువ్వాళ్లు. ఆ వారమూ తెలిసిపోయింది.

ఇక మిగిలింది ఒక్కడు.

ఆ వారమంతా మేనేజర్‌కి ముద్ద దిగలేదు. బావమరిది ఎటు వెళ్తే అటు అతని కళ్లు వెళ్లేవి. బంతికి గాలి కొడుతూ ఈల వేస్తే, ఎవడికి సైగ చేస్తున్నాడు అనుకునేవాడు. బుధవారం సాయంత్రం కంచె ఇవతల నుంచి కళ్లారా చూశాడు. టీ బడ్డీ దగ్గర చక్కెర మిల్లు జట్టు తరఫున వచ్చిన మనిషి పక్కనే కూర్చుని బావమరిది ఏదో చెబుతున్నాడు. ఆ మనిషి తల ఊపుతున్నాడు. ఇద్దరూ నవ్వారు. మేనేజర్‌కి ఆ నవ్వు గుండెల్లో గుచ్చుకుంది.

అయినా గురువారం పొద్దున జట్టు బావమరిదికి చెప్పాడు. కావాలనే చెప్పాడు. అతనొక్కడికే చెప్పాడు.

ఆదివారం చక్కెర మిల్లు చేతిలో మూడు సున్నాకి ఓడిపోయారు. డ్రెస్సింగ్ రూమ్‌లో కుర్రాళ్లు బురద బూట్లతో తలలు వంచుకుని కూర్చున్నారు. మేనేజర్ వచ్చి తలుపు గొళ్లెం పెట్టాడు. లాగి చూశాడు.

"ఒరేయ్, ఈ వారం జట్టు ఎవరికి చెప్పాను?"

బావమరిది జెర్సీలు ఏరుతున్నవాడు లేచి నిలబడ్డాడు. "నాకు చెప్పావు బావా."

"ఇంకెవరికి?"

"ఇంకెవరికీ చెప్పినట్టు లేదు."

"మరి వాళ్లకెలా తెలిసింది? ఈ గోడలు లేచి వెళ్లి చెప్పాయా?"

"నేను చెప్పలేదు బావా."

"బుధవారం మిల్లువాళ్ల మనిషితో మాట్లాడావా లేదా?"

"మాట్లాడాను."

"ఏం మాట్లాడావు?"

"చెబితే నమ్ముతావా?"

"నమ్మను."

"మరి అడగడం దేనికి?"

గోల్‌కీపర్ ఏదో అనబోయి సగం లేచాడు. బావమరిది అతని వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. గోల్‌కీపర్ మళ్లీ కూర్చున్నాడు. ఆ సైగ కూడా మేనేజర్ కళ్ల పడింది, అది కూడా నేరం కిందే జమ అయింది.

"తాళాలు ఇటివ్వు. మళ్లీ ఈ గేటులో కనిపించకు. జట్టుని అమ్ముకునేవాడు నాకు బావమరిది కాదు."

ఇరవై మంది ముందు, చిన్న పెద్ద లేకుండా, ఆ మాట అనేశాడు. బావమరిది జేబులోంచి తాళాలు తీసి బెంచీ మీద పెట్టాడు. చేతిలో ఉన్న జెర్సీ మడిచి బుట్టలో వేసి వెళ్లిపోయాడు. బయట కాచుకుని ఉన్న పేపరు విలేకరికి సాయంత్రానికల్లా కబురు అందింది.

ఆ రోజు నుంచి ఇంట్లో భార్య మాట్లాడటం మానలేదు. మానినా బాగుండేది. అవసరమైనవన్నీ మాట్లాడేది. వాన వచ్చేలా ఉంది, బట్టలు తీయండి. తాళం మరిచిపోకండి. అంతకు మించి ఒక్క మాట లేదు. మేనేజర్ మాత్రం గుండె దిటవు చేసుకున్నాడు. పుండు కోసేశాం, ఇక మానుతుంది అనుకున్నాడు.

ఎక్కడ మానుతుంది! తర్వాతి ఆటలో అవతలివాళ్లకి ఎనిమిది మంది కాదు, పదకొండుకి పదకొండు మంది తెలుసు. ఆ తర్వాతి ఆటలోనూ అంతే. ఇప్పుడు జట్టు ఎవరికీ చెప్పడం లేదు కదా. క్యాలెండర్ కాగితం మీద రాయడం మానేశాడు. పేర్లు బుర్రలోనే పెట్టుకున్నాడు. నిద్రలో కలవరిస్తున్నానేమో అని భార్యని కూడా ఒక చూపు చూశాడు. ఆవిడ ఆ చూపుని చూసి, "ఇక నేనేనా మిగిలింది?" అంది.

ఆ గురువారం గోల్‌కీపర్‌ని పక్కన పెట్టి రెండోవాణ్ణి ఆడిద్దామని బుర్రలో అనుకున్నాడు. కాగితం లేదు, కలం లేదు, ఏ పిట్టకీ తెలిసే దారి లేదు. ప్రాక్టీసు మధ్యలో గోల్‌పోస్టు దగ్గరికి నడిచి, గోల్‌కీపర్ భుజం మీద చెయ్యి వేసి మెత్తగా అడిగాడు.

"మీ అమ్మగారి మోకాలు ఎలా ఉందయ్యా?"

గోల్‌కీపర్ ముఖం వాడిపోయింది. "అయితే ఆదివారం నేను లేనా సార్?"

మేనేజర్ చటుక్కున చుట్టూ చూశాడు. చెయ్యి పట్టుకుని లాక్కుంటూ సామాను గదిలోకి తీసుకెళ్లాడు. గొళ్లెం పెట్టాడు.

"ఎవరు చెప్పారు నీకు?"

"మీరే చెప్పారు సార్."

"నేనెప్పుడు చెప్పాను? అమ్మగారి మోకాలు అడిగాను!"

"అదే కదా సార్." గోల్‌కీపర్ భయపడుతూనే మొదలుపెట్టాడు. ఒకసారి మొదలుపెట్టాక ఆగలేకపోయాడు. "ఆడేవాళ్లని మీరు తిడతారు. కూర్చోబెట్టేవాళ్లని ఇంట్లో అందరూ బాగున్నారా అంటారు. మొదటి నుంచీ ఇంతే. తిట్లు తింటే ఆ రోజు మాకు పండగ. కులాసా అడిగారంటే ఇంటికెళ్లి అన్నం తినబుద్ధి కాదు. కంచె అవతల కూర్చునేవాళ్లకి ఇంకేం కావాలి సార్? మీరు ఎవరెవర్ని తిట్టారో వేళ్లు మడుచుకుంటారు. పదకొండు కాగానే టీ తాగేసి లేచిపోతారు."

మేనేజర్ బంతుల బుట్ట మీద కూలబడ్డాడు. "మరి నాకెవడూ చెప్పలేదేం?"

"ఎలా చెబుతాం సార్? చెబితే, 'ఈ సంగతి నీకెలా తెలుసు, ఎవడితో కలిశావు' అంటారు. మామయ్య ఉన్నప్పుడు ఇంత అన్యాయంగా ఉండేది కాదు. మీరు కులాసా అడిగినవాళ్లని ఆయన వెతికి వెతికి పట్టుకుని తిట్టేవాడు. కంచె అవతలివాళ్లకి లెక్క పద్నాలుగో పదిహేనో వచ్చేది. తికమక పడి సగం సగం తెలుసుకుని పోయేవాళ్లు. మిల్లువాళ్ల మనిషితో ఆ రోజు మాట్లాడింది కూడా అదే. పొట్టివాడికి కాలు బెణికిందని, పొడుగువాడికి జ్వరమని అబద్ధాలు ఎక్కించాడు. నేను పక్క బెంచీ మీదే ఉన్నాను సార్, విన్నాను."

"విని, ఆ రోజు నోరు మూసుకుని కూర్చున్నావా?"

"మామయ్య వద్దన్నాడు." గోల్‌కీపర్ కళ్లు తుడుచుకున్నాడు. "అబద్ధం ఎందుకు, నాకు భయం కూడా వేసింది. నన్నూ అంటారని."

ఇరవై రెండేళ్లుగా తను తవ్వుకుంటూ పోయిన గోతికి అవతలి చివర తనే నిలబడి ఉన్నాడు. దొంగని పట్టుకోవాలని అందర్నీ వడపోశాడు, ఆఖరికి జల్లెడలో తను మిగిలాడు. ఆ క్షణంలోనే లేచి వెళ్లి బావమరిది కాళ్లు పట్టుకుని ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. కానీ మనిషి కదా! ముందు పరువు గుర్తొచ్చింది. మేనేజర్ నోరే జట్టుకి చిల్లు అని తెలిస్తే ఊరంతా పొట్ట పట్టుకుని నవ్వుతుంది. క్లబ్బు ప్రెసిడెంటు ఒక్క పూట కూడా ఉంచడు. ఈ పని తప్ప తనకి వేరే పని రాదు. గోల్‌కీపర్ దగ్గర ఒట్టు వేయించుకుని పంపాడు. సీజను అయ్యాక చూద్దాంలే అనుకున్నాడు.

పైగా బుర్ర ఇంకో దారిలో పరిగెత్తింది. వెంటనే మళ్లీ గ్రౌండులోకి వెళ్లి అంతా తిరగేశాడు. ఆడించబోయేవాళ్లని దగ్గరికి తీసుకుని నాన్న ఉబ్బసం, చెల్లెలి పరీక్షలు అడిగాడు. బెంచీవాళ్లని ఉతికి ఆరేశాడు. గోల్‌కీపర్‌ని కూడా మళ్లీ జట్టులో వేసుకున్నాడు. కంచె అవతల వేళ్లు మడుచుకున్నవాళ్లు మడుచుకున్నారు. ఆదివారం బస్సు డిపో జట్టు తెల్లమొహం వేసింది. రెండు సున్నాతో గెలిచాడు. ఎన్నాళ్లకో గెలుపు. ఫ్యాక్టరీ జనం అతన్ని భుజాలకెత్తుకున్నారు.

ఆ తర్వాతి ఆదివారం కూడా అదే ఎత్తు, మళ్లీ గెలుపు. మర్నాడు పొద్దున భార్య పేపరు తెచ్చి అతని పళ్లెం పక్కన పెట్టింది. పైనే పెద్ద అక్షరాలు: 'ఇంటిదొంగను సాగనంపగానే రంగుల జట్టుకు కళ.' బావమరిది ఫొటో కూడా వేశారు.

"శనివారాలు పార్కులో వాడు చిన్నపిల్లలకి ఆట నేర్పిస్తాడు కదా," అంది ఆవిడ. "మొన్న ఒక్క పిల్ల కూడా రాలేదట. జట్టుని అమ్ముకున్నవాడి దగ్గరికి మా పిల్లల్ని పంపేది లేదన్నారట. వాడు గంటసేపు బంతి పట్టుకుని నిలబడి ఇంటికెళ్లాడు. మరదలు ఫోన్ చేసి ఏడ్చింది." కాస్త ఆగింది. "నా ముఖం చూసి చెప్పండి. నిజంగా వాడేనా?"

అతను కుర్చీ వెనక్కి జరిపాడు, మళ్లీ ముందుకి జరిపాడు. ఆవిడ కదల్లేదు. చివరికి అన్నీ చెప్పేశాడు. తిట్లూ, కులాసాలూ, కంచె అవతలి వేళ్లూ, పొడుగువాడి జ్వరం అబద్ధమూ, ఏదీ దాచలేదు.

"తెలిసి ఎన్నాళ్లయింది?"

"పదకొండు రోజులు."

ఆవిడ అరవలేదు, ఏడవలేదు. "వాడిది తప్పు కాదని తెలిసి కూడా, పదకొండు రోజులు నా చేతి అన్నం తిన్నారా?" అంది. పళ్లెం తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఓడిపోయిన ఆటలు అతనికి చాలా గుర్తున్నాయి. ఏ ఆట తర్వాతా అంత సిగ్గు వేయలేదు. తన జట్టు వేసిన ప్రతి గోలూ బావమరిది మెడకి ఉరై బిగుసుకుంటోంది. ఇంకో రెండు ఆటలు గెలిస్తే ఇక ఎవరు చెప్పినా ఎవరూ నమ్మరు, తను చెప్పినా సరే.

తర్వాతి ఆదివారం గ్రౌండు నిండిపోయింది. ఆటకి పావుగంట ముందు అతను మైకు గది నిచ్చెన ఎక్కాడు. ఆటగాళ్ల పేర్లు చదివే అతని దగ్గర మైకు లాక్కున్నంత పని చేశాడు. రెండుసార్లు దగ్గాడు.

"నేను రంగుల జట్టు మేనేజర్‌ని. ఈ ఏడాది మా జట్టు కబురు బయటికి పోయింది. పోగొట్టింది నా బావమరిదే అని నేనన్నాను. అది తప్పు. కబురు పోయింది నా నోటి నుంచే. గురువారం నేను ఎవర్ని తిడతానో వాళ్లే ఆడతారు, ఎవరి ఇంటి కులాసా అడుగుతానో వాళ్లు కూర్చుంటారు. అంతే రహస్యం. ఈ సంగతి వాడికి తెలుసు. నన్ను కాపాడటానికి వాడు చేయగలిగిందంతా చేశాడు. నేను వాణ్ణి దొంగ అన్నాను. దొంగ కాదు. మీ పిల్లల్ని వాడి దగ్గరికి పంపండి. ఇంకెక్కడా అంత మంచివాడు దొరకడు."

ముందు ఎక్కడో ఒకడు కిసుక్కుమన్నాడు. అది బెంచీ నుంచి బెంచీకి పాకి గ్రౌండు గ్రౌండంతా విరగబడి నవ్వింది. అతను నిచ్చెన దిగేదాకా నవ్వుతూనే ఉన్నారు. ఆ రోజు ఓడిపోయారు కూడా. సోమవారం క్లబ్బు ప్రెసిడెంటు పిలిపించి, కుర్చీ వేసి, "ఇంట్లో అందరూ కులాసానా?" అని అడిగాడు. మేనేజర్ ఆ తర్వాతి మాట వినకుండానే తాళాలు తీసి బల్ల మీద పెట్టాడు.

మధ్యాహ్నం బావమరిది ఇంటికి వెళ్లాడు. టైర్ల దుకాణం పైన రెండు గదులు. ఇనప మెట్లు ఎక్కుతుంటే కింద రబ్బరు వాసన. తలుపు తీసే ఉంది. బావమరిది కిటికీ పక్క కూర్చుని చొక్కాకి గుండీ కుట్టుకుంటున్నాడు. బావని చూసి లేచి, కుర్చీ చూపించాడు. తను మంచం అంచున కూర్చున్నాడు.

"విన్నాను," అన్నాడు. "టైర్ల అతను ఆటకి వెళ్లాడట. అక్షరం పొల్లుపోకుండా చెప్పాడు."

"తప్పయిపోయిందిరా."

బావమరిది సూది గుచ్చి, దారం లాగాడు.

"ఒక్క మాట ముందే చెప్పి ఉంటే... 'బావా, నీ నోరే' అని ఒక్కసారి అని ఉంటే..."

"అనలేను బావా. అంటే కుర్రాళ్లని కులాసా అడగడం మానేస్తావు. ఏడాదంతా బెంచీ మీద కూర్చునేవాళ్లు ఉన్నారు. నువ్వు వాళ్ల అమ్మ గురించి అడిగిన ఆ ఒక్క మాట పట్టుకుని మళ్లీ వారం ప్రాక్టీసుకి వచ్చేవాళ్లు. అది పోకూడదు అనుకున్నాను. తిట్టడమే కదా, నేను తిట్టుకుంటానులే అనుకున్నాను."

మేనేజర్ తల వంచుకున్నాడు. కింద ఎవరో టైరుకి సుత్తితో కొడుతున్నారు.

"ఒకటి అడుగుతాను, నిజం చెప్పు," అన్నాడు బావమరిది. "ఈ ఇరవై రెండేళ్లలో ఒక్కరోజైనా నన్ను నమ్మావా?"

నమ్మానురా అని నోటిదాకా వచ్చింది. రెండో తాళంచెవి జేబులో తొడకి ఒత్తుకుంటోంది. అది ప్రెసిడెంటుకి ఇవ్వడం కూడా మరిచిపోయాడు.

"లేదురా," అన్నాడు.

"తెలుసు. నేను తాళం వేశాక నువ్వు వెనక్కి రావడం మొదటి నెలలోనే చూశాను. అయినా వచ్చాను. నీ కోసం కొంత, అక్క కోసం కొంత, ఆట కోసం కొంత." బావమరిది దారం కొరికి తెంపాడు. "ఇప్పుడు అలిసిపోయాను బావా. నిన్ను చూస్తుంటే ఆ డ్రెస్సింగ్ రూమే కనిపిస్తోంది. అక్కని రోజూ రమ్మను. నువ్వు మాత్రం కొన్నాళ్లు రాకు. నేనే పిలుస్తాను."

ఎప్పుడు అని అడగాలని ఉంది. ఎన్నాళ్లు, ఏ నెల, ఎవరితో కబురు పంపుతావు, ఇవన్నీ అడగాలని ఉంది. ఏదీ అడగలేదు. మెట్లు దిగి నడుచుకుంటూ ఇంటికి వచ్చాడు.

భార్య గుమ్మంలోనే ఉంది. "ఏమన్నాడు?"

"పిలుస్తానన్నాడు."

"ఎప్పుడు?"

"చెప్పలేదు."

ఆవిడ అతని ముఖంలోకి చూసింది. "పిలుస్తాడంటారా?"

"పిలుస్తానన్నాడు కదా," అన్నాడు అతను. లోపలికి వెళ్లి కాళ్లు కడుక్కున్నాడు.